బుచ్చయ్య సారు మైకు పడితే

సూర్యాపేట సేవాక్లబ్బులో దాతలకు శాలువా ఎవరు కప్పినా, మైకు పట్టేది మాత్రం బుచ్చయ్య సారే. ముందు గొంతు సవరించుకుంటాడు, కళ్లజోడు నుదుటి మీదికి నెడతాడు, ఆ తర్వాత ఇక కోతలే కోతలు. దవాఖానకు ఒక్క ఫ్యాను ఇచ్చిన పాపానికి భాస్కర్‌ను పట్టుకొని, "ఈయన ఫ్యాను గాలికి మిర్యాలగూడల వడ్లు ఆరుతున్నయ్" అన్నాడు. భాస్కర్ పాపం శాలువాలోనే ముఖం దాచుకున్నాడు.

మొన్న సారు భార్య ఉప్పలమ్మ, ముప్ఫై ఏళ్లు తొక్కిన తన కుట్టుమిషన్‌ను ఆడపిల్లలు పని నేర్చుకోవడానికి క్లబ్బుకు ఇచ్చింది. "నా మిషన్ మీద ఒక్క కోత కోసినవో, అందరి ముంగటనే దాన్ని ఇంటికి తెచ్చుకుంట, సూడు" అని ముందే బెదిరించింది.

వేదికెక్కిన బుచ్చయ్య గొంతు సవరించాడు, కళ్లజోడు నెట్టాడు. "ఉప్పలమ్మ కుట్టుమిషన్ ఇచ్చింది" అని ఆగిపోయాడు. హాలంతా చెవులు రిక్కించి కూర్చుంది. మైకు చెడిందేమోనని సౌండు సెట్టు మహేష్ పరుగున వచ్చి వైర్లు కదిలించాడు.

"మైకు మంచిగనే ఉన్నది తమ్మీ, మీ సారుకే కరెంటు పోయింది" అంది ఉప్పలమ్మ, శాలువా సర్దుకుంటూ.

ఆ నవ్వులు కోదాడ దాకా వినిపించాయని బుచ్చయ్య అందరికీ చెబుతాడు. ఆ ఒక్క కోతను మాత్రం ఉప్పలమ్మ కాదనదు.