బావ తెచ్చిన ఎర్ర సంచి

మా బావది ఆసుపత్రి లాండ్రీలో పని. నాదీ అక్కడే. ఆయన ఉతుకుతాడు, నేను ఇస్త్రీ చేస్తాను. అంటురోగుల దుప్పట్లు మాకు ఎర్ర సంచుల్లో వస్తాయి. వాటిని దేనితోనూ కలపకుండా మరిగే నీళ్లలో వేయాలి. ఆ నియమమంటే బావకి ప్రాణం. ఒకసారి నేను ఎర్ర సంచిలోది మామూలు వాటిలో కలిపేస్తే రోజంతా నాతో మాట్లాడలేదు మహానుభావుడు.

ఆయనకి నడుము మీద ఎర్రటి మచ్చలు లేచి పొట్టు రాలుతుంటే, డాక్టరు చూసి తామరన్నాడు. పూతమందు రాసిచ్చాడు. తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చింది. ఇంకో డాక్టరు, ఇంకో మందు. బావ ఊరుకుంటాడా? ఇంటికో ఎర్ర సంచి తెచ్చి తన బట్టలు అందులో వేయడం మొదలుపెట్టాడు. కంచం వేరు, పక్క వేరు, సబ్బు వేరు.

"నిన్ను నువ్వే మూటగట్టుకునేలా ఉన్నావు బావా," అన్నాను.

"నీకు నవ్వులాటగా ఉందిరా. ఇంట్లో చంటిపిల్ల ఉంది."

చంటిపిల్లంటే అప్పుడే పుట్టిన మనవరాలు. కూతురు పనికి వెళ్తూ మా అక్క దగ్గర వదిలేది. బావ దాన్ని ఒక్కసారీ ఎత్తుకోలేదు. నడక వచ్చాక అది ఒళ్లోకి రాబోతే "దూరం, దూరం" అనేవాడు. తన గది గడప అవతలే ఆగితే "మంచి పిల్ల" అని చప్పట్లు కొట్టేవాడు. నాకు ఒళ్లు మండేది. కానీ డాక్టర్లే అంటువ్యాధి అంటుంటే మధ్యలో నేనెవణ్ణి?

ఏళ్లు గడిచి మచ్చలు గడ్డలయ్యాయి. కొత్తగా వచ్చిన డాక్టరమ్మ చర్మం ముక్క తీసి పరీక్షకు పంపింది. ఫలితం వచ్చిన రోజు నేనూ వెంట వెళ్లాను.

"ఇది తామర కాదండి. చర్మంలో వచ్చే లింఫోమా, అరుదైన క్యాన్సర్. మొదట్లో అచ్చం తామరలాగే ఉంటుంది. ఇప్పుడు ముదిరింది. వైద్యం చేద్దాం, కానీ పూర్తిగా పోతుందని చెప్పలేను."

బావ ఒక్కటే అడిగాడు.

"అంటుకోదా అమ్మా?"

"అంటుకోదు. ఎప్పుడూ అంటుకునేది కాదు."

దారి పొడవునా ఆయన క్యాన్సర్ మాటే ఎత్తలేదు. ఆ ముఖం నిండా సంతోషమే. చెప్పులు విడుస్తూనే గదిలోకి వెళ్లి, మోకాళ్ల మీద కూర్చుని రెండు చేతులూ చాపాడు.

"రా తల్లీ, ఎత్తుకుంటా."

నాలుగేళ్ల పిల్ల గడప దగ్గర టక్కున ఆగిపోయింది. చేతులు వెనక్కి పెట్టుకుంది.

"నేను ముట్టుకోనుగా తాతా," అని ఎప్పటిలాగే చప్పట్ల కోసం చూసింది.

అక్క దాన్ని ముందుకు తోయబోతే ఏడుపు లంకించుకుంది. బావ వద్దన్నట్టు తల ఊపాడు. చాపిన చేతులు దగ్గరికి తెచ్చి మెల్లగా చప్పట్లు కొట్టాడు.

"మంచి పిల్ల," అన్నాడు.