లేని మనిషి బొమ్మ

మా బావ కుడిచేతి వేళ్లను పోలీసులు బూటు మడమల కింద నలిపేశారు. ఆయన చేసిన నేరమల్లా, లోకంలో లేని మనిషిని గీయడం.

ఆయన రాజాంలో దుకాణాలకు బోర్డులు రాసేవాడు. పని లేనప్పుడు, ఎదుట ఎవరినీ నిలబెట్టుకోకుండా, బొగ్గుతో గోడ మీద మనుషులను గీస్తూ చేతికి సాధన చేయించేవాడు. ఎప్పుడూ పాదాల దగ్గరే మొదలుపెట్టేవాడు. "కాలు నేల్ని పట్టుకుంతే సాలు, మిగతా మనిషి ఆడే లేస్తాడు" అనేవాడు.

అరవైల చివర, కొండల్లో తిరుగుబాటు నడుస్తున్న రోజులవి. కావిడి బద్ద భుజాన వేసుకుని పరుగెత్తే మనిషిని గీశాడు. గస్తీకొచ్చిన హెడ్ కానిస్టేబులు కంటికి ఆ బద్ద తుపాకీ అయింది.

"ఎవుడ్రా ఈడు?"

"ఎవుడూ కాడు బావూ. బుర్రలోంచి గీసినాను."

"అయితే ఆ బుర్రే పగలగొట్టి సూద్దాం."

తల పగిలింది, పళ్లు రాలాయి, చివరికి వేళ్లు పోయాయి. పేరు మాత్రం రాలేదు. లేని పేరు ఎక్కడినుంచి వస్తుంది? ఆయన మళ్లీ బొగ్గు పట్టలేదు.

ఆ హెడ్డును, పింఛను పుచ్చుకున్నాక కూడా, కనబడ్డచోటల్లా నిలేసి ఎందుకు కొట్టావని అడిగేవాణ్ణి. తప్పించుకు పోయేవాడు. ముసలితనంలో ఒకసారి సంతలో జవాబిచ్చాడు:

"మీ బావ అబద్దమాడినాడు. అలాటోడు ఉన్నాడు. ఇప్పటికీ సంతకొస్తే ఆడి మొకం కోసమే సూస్తన్నాను."