మార్కండేయ కారులో అఖండదీపం

మార్కండేయ మాటెత్తితే నాకు ముందు నవ్వొస్తుంది, ఆ వెనకే ఒళ్లు మండుతుంది. నిజామాబాద్ నుంచి బోధన్‌కు షేర్ టాక్సీ నడిపేవాడు. పాత అంబాసిడర్. వెనక తలుపు తాడుతో కట్టి ఉండేది గానీ, లోపల మాత్రం పచ్చటి అంకెలు వెలిగే డిజిటల్ రేడియో, నాలుగు స్పీకర్లు! 2002లో ఆ రోడ్డు మీద అలాంటిది ఇంకెవరికీ లేదని రోజుకోసారి చెప్పేవాడు. నేను బీడీ కంపెనీ గుమాస్తాను, ఆ కారులోనే తిరిగేవాణ్ణి కనుక రోజూ వినేవాణ్ణి.

ఉన్నదాంతో ఊరుకుంటేనా మహానుభావుడు! చిన్న ఫ్యాను, సెల్ చార్జరు, రంగుల బల్బుల తోరణం, అన్నీ ఆ బక్క బ్యాటరీకే తగిలించాడు. రేడియో గరగరలాడితే తప్పు స్టేషన్ వాళ్లది, లేదా ఎదురొచ్చే చెరకు లారీలది. తనది మాత్రం ఎన్నడూ కాదు.

ఆ ఏడు నవరాత్రులకు అమ్మవారి ఫోటో ముందు, దీపంలా మిణుకుమనే చైనా బల్బు ఒకటి పెట్టాడు. అఖండదీపమట! తొమ్మిది రోజులూ ఆరనివ్వనని మొక్కుకున్నాడు. ఇంటి దగ్గర నిలిపినప్పుడూ వైరు పీకడు. పొద్దున బండి స్టార్టు కాకపోతే ప్యాసింజర్లమే తోసేవాళ్లం. మా చెమట అమ్మవారికి ముట్టిందో లేదో తెలియదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఆయన భార్య రాధాబాయి పాట రేడియోలో వచ్చేదుంది. పొద్దంతా బీడీలు చుట్టే మనిషి, మంచి గొంతు. తల్లి భీమవ్వ నేర్పిన బతుకమ్మ పాటను స్టేషన్‌కు వెళ్లి పాడి వచ్చింది. మంగళవారం పదకొండు గంటలకు, ఒకే ఒక్కసారి వేస్తామన్నారు. అది వినడానికే భీమవ్వ బోధన్ నుంచి వచ్చింది. ఇంట్లో వినే దారి లేదు. పాత ట్రాన్సిస్టర్‌ను అల్లుడు గారు గిన్నెలమ్మేవాడికిచ్చి స్టీలు పళ్లెం తెచ్చుకున్నారు.

"నా కార్ల ఇందురు పాండ్రి అత్తా! టాకీస్ల ఇన్నట్లే ఉంటది," అని ముందు సీట్లో ఇద్దరినీ కూర్చోబెట్టుకున్నాడు. వెనక నేను, బాల్కొండ పసుపు రైతు రామ్‌దాస్.

ఎడపల్లి దాటాక "ఇప్పుడు రాధాబాయి పాడిన..." అని వినిపించింది. భీమవ్వ కొంగు సర్దుకుని ముందుకు వంగింది. అంతే, గర్ర్... గర్ర్... బల్బు మిణుక్కుమన్నప్పుడల్లా ఒక గర్రు.

"సెల్లు బంద్ చెయ్యే రామ్‌దాసన్నా!" అని అరిచాడు మార్కండేయ.

రామ్‌దాస్ పాపం వెంటనే ఆపేశాడు. గర్ర్. మార్కండేయ ఫ్యాను ఆపాడు, తోరణం ఆపాడు. గర్ర్. "పైన కరెంటు తీగలున్నయ్," అంటూ బండిని ఫర్లాంగు దూరం ఉరికించాడు. గర్ర్.

"ఏమయ్యా, గా బలుపు తియ్యరాదు! దాంతోనే గదా లొల్లి," అంది రాధాబాయి.

"అఖండదీపం ఆర్పుమంటవా? పండుగ పూట గదేం మాటనే, అరిష్టం!"

"అల్లుడా, నా బిడ్డ గొంతేది?" భీమవ్వ స్పీకరుకు చెవి ఆనించింది. "ఒక్క ముక్కన్న ఇననియ్యి బిడ్డా."

"ఆగత్తా, ఇగ వస్తది."

రాధాబాయి చెయ్యి చాపి వైరు పటుక్కున పీకింది. బల్బు ఆరింది. ఆ వెంటనే నాలుగు స్పీకర్లలోనూ గంట కొట్టినట్టు వినబడింది: "...పాట విన్నారు. ఇప్పుడు మార్కెట్ ధరలు. పసుపు, క్వింటాలుకు..."

"సూసిండ్రా సౌండు!" మార్కండేయ స్టీరింగ్ మీద చరిచాడు. "ఒక్క గరగర లేదు!"

పసుపు ధర వస్తున్నా రామ్‌దాస్ చెవిన పెట్టలేదు. తల వంచుకున్నాడు. భీమవ్వ చెవి ఇంకా స్పీకరుకే ఆనించి ఉంది, కళ్లు కారిపోతున్నాయి. ఆ మూర్ఖుణ్ణి రెండు తన్నాలనిపించింది నాకు. తన్నలేదు. ఆ మాటకొస్తే నేను మాత్రం ఏం చేశాను, చెయ్యి చాపితే అందే వైరే కదా!

రాధాబాయి బండి ఆపించి, తల్లిని దింపుకుని బస్సెక్కింది. మార్కండేయ బల్బుకు దండం పెట్టి, వైరు మళ్లీ తగిలించి, ఇంకో ఇద్దరిని ఎక్కించుకున్నాడు. తర్వాత ఏడాదంతా ఎక్కినవాడికల్లా ఒకటే చెప్పడం: "మా ఆడామె పాట రేడియోల వచ్చింది గదా, గీ కార్లనే ఇన్నం. ఎంత సాఫ్‌గ వచ్చిందనుకున్నవ్!"

మరుసటి దసరాకు వాడకట్టు ఆడవాళ్లు బతుకమ్మలు దింపి చుట్టూ నిలబడ్డారు. "పాట అందుకోరాదు రాధక్కా," అన్నారు. రాధాబాయి వంగి తన బతుకమ్మ పూలు సర్దింది. మళ్లీ అడిగితే అంది:

"మా ఆయన కార్ల ఇనుండ్రి."