రెండో చరణం

మొన్న శ్రీపంచమి నాటి పొద్దున నేను వరండాలో కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తుంటే, మనవరాలు రేడియో తెచ్చి నా పక్కన పెట్టింది. ఈ తేదీన సంగీత ప్రపంచంలో ఏమేం జరిగాయో ఒకాయన తీరిగ్గా చెబుతున్నాడు. ఏదో దేశంలో ఒక పాటగాడు పుట్టాడట, ఇంకో దేశంలో ఒక గ్రామఫోను ప్లేటు కోసం జనం కొట్టుకున్నారట. "ఒక్క తేదీలోనే ఇన్ని జరిగాయా నానమ్మా!" అని అది తెగ ఆశ్చర్యపోయింది. రేడియో ఆయనకి తేదీలు తెలుసు గానీ తిథులు తెలియవు. ఒక్క శ్రీపంచమి నాడే మా కుటుంబంలో పాట కోసం జరిగినవన్నీ చెబితే ఆయన కాఫీ చల్లారిపోతుంది. అలా అనుకుంటూ నేను కాయలు తుంపుతుండగానే, "ఇప్పుడు బందరు నాటకరంగం నుంచి ఒక పాత ప్లేటు. వరస కూడా పాడినవారి సొంతం" అన్నాడు. గొంతు వినగానే నా చేతిలో చిక్కుడుకాయ ఆగిపోయింది. అది మా మామగారి గొంతు. వరస మాత్రం ఆయనది కాదు. చచ్చి ఏ లోకాన ఉన్నా ఆయనతో ఈ మాట మీద నేను రాజీ పడను.

ఆ వరస మా మేనత్తది. మా నాన్నకి అక్కయ్య. ఆవిడ భర్త, అంటే మా మామయ్య, బందరు కలెక్టరు కచేరీలో గుమాస్తా. నోట్లో నాలుక లేని మనిషి. ఆ నాలుక కూడా ఆవిడకే ఉండేది. సంగీతం ఎవరూ నేర్పలేదు. మజ్జిగ చిలుకుతూ, పిల్లకి జడ వేస్తూ ఏదో ఒకటి కూనిరాగం తీసేది. సాయంత్రానికి అది పాటయ్యేది. ఆ వీధిలో ఏ పేరంటమైనా ఆవిడ రాందే హారతి వెలిగేది కాదు. ఒక్క చిక్కు ఉండేది. భర్తకి పెదనాన్న కొడుకు, ఆవిడకి వరసకు బావగారు, నాటకాల్లో రాజు వేషాలు వేసేవాడు. దివిసీమలో పొలాలు, బందరులో నాటకాలు. రేవు దాటి వచ్చినప్పుడల్లా వీళ్లింట్లోనే బస. బావగారి ఎదుట పడకూడదు, ఆయనతో మాట్లాడకూడదు. ఏం చెప్పాలన్నా తలుపు చాటు నుంచి, గోడకి చెప్పినట్టు చెప్పాలి. అందుకని ఏళ్ల తరబడి ఆవిడ చేతి వంట తిన్న మనిషి ఆవిడ మొహం సరిగ్గా చూసి ఉండడు. పాట మాత్రం విన్నాడు.

మొదటి శ్రీపంచమి, ఆవిడ కొడుక్కి అక్షరాభ్యాసం. హారతి వేళకి సొంతంగా కట్టిన పాట ఎత్తుకుంది. పల్లవి, మొదటి చరణం అయ్యేసరికి వీధిగదిలోంచి బావగారి కేక వినబడింది. "ఒరేయ్ తమ్ముడూ, వన్స్ మోర్! అమ్మాయిని ఇంకోసారి పాడమనరా!" నాటకాల మనిషి కదా, మెచ్చుకోవడం కూడా నాటకంలోలాగే. మా మేనత్త పొంగిపోయింది. మళ్లీ అందుకుని పల్లవి, మొదటి చరణం మరింత సొంపుగా పాడింది. రెండో చరణంలోకి దిగుతుండగా పరమాన్నం అడుగంటిన వాసన వచ్చింది. హారతి పళ్లెం పక్కవాళ్ల చేతిలో పెట్టి వంటింట్లోకి పరిగెత్తింది. ఆ పాట అందమంతా రెండో చరణంలోనే ఉంది. అంతవరకు మెట్టుమెట్టుగా పైకి వెళ్లిన వరస అక్కడ ఒక్కసారిగా కిందికి జారి, పల్లవిని వెనకనుంచి వచ్చి పట్టుకుంటుంది. భోజనాలయ్యాక ఆడవాళ్లు అడిగితే మొత్తం పాడింది గానీ, అప్పటికి బావగారు తాంబూలం వేసుకుని వెళ్లిపోయారు.

మరుసటి ఏడు శ్రీపంచమికి బందరు రేకుల షెడ్డులో కొత్త నాటకం. ఆడవాళ్లు తడిక వెనక కూర్చునేవారు. రాజుగారు కిరీటం సర్దుకుని ఉద్యానవనంలో పాట ఎత్తుకున్నారు. దేవుడి మీద మాటలు తీసేసి నాయిక మీద మాటలు పెట్టారు, అంతే. మిగతాదంతా మా మేనత్త హారతి పాటే. జనం వన్స్ మోర్ మీద వన్స్ మోర్ కొట్టారు. తడిక వెనక పేరంటాళ్లందరూ ఆవిడ వైపు తిరిగారు. ఆవిడ చేతిలో ఉన్న బందరు లడ్డు పిడికిట్లో పొడి అయిపోయిందని మా అమ్మ చెప్పేది. ఇంటికి రాగానే భర్తను ముందుపెట్టి, తలుపు చాటు నుంచి అడిగించింది. "అదేమిటన్నయ్యా, ఆ వరస మా ఇంట్లోది కదా?" అని ఆయన నసిగాడు. బావగారు పకపకా నవ్వి, "వంటింటి వరసకి ఎవరైనా యజమానులుంటారటరా? పొరుగింటికి నిప్పు కోసం వెళ్తే రెండు కణికలు పెట్టరూ, ఇదీ అంతే!" అన్నారు. తలుపు వెనక మనిషి ఒక్క మాట కూడా అనడానికి లేదు. నాకు ఈ వయసులో కూడా ఆ మాట తలుచుకుంటే ఒళ్లు మండుతుంది. నిప్పు తెచ్చుకున్నవాడు నిప్పు నాదే అనడు కదా!

ఆ అనడం కూడా జరిగింది. అప్పటికి కొన్నేళ్లయింది. మా నాన్న గుడివాడలో బడి పంతులు. మా పక్కింటివారికి బియ్యం మిల్లు ఉండేది. వాళ్లు ఇత్తడి గొట్టం గ్రామఫోను కొన్నారు. శ్రీపంచమికి మా మేనత్త పుట్టింటికి వచ్చి ఉంది. కొత్త ప్లేటు మద్రాసు నుంచి వచ్చిందంటే వీధి వీధంతా వాళ్ల అరుగు మీద చేరింది. ముల్లు ఆనించగానే బావగారి గొంతు. పాట పల్లవి, మొదటి చరణం, మళ్లీ మొదటి చరణమే, తరవాత ఊరికే రాగం సాగదీసి ఆపేశారు. మిల్లు గుమాస్తా, "బాగానే ఉంది గానీ, గోడ కట్టి కప్పు వెయ్యనట్టుందే" అన్నాడు. ఆ రోజుల్లో ప్లేటు చివర పాడినవారు తమ పేరు గట్టిగా చెప్పుకోవడం రివాజు. బావగారు తన పేరు చెప్పి, "బందరు" అని, అంతటితో ఊరుకోక "వరస నా సొంతం" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. మా మేనత్త చప్పట్లు కొట్టలేదు, ఏడవలేదు కూడా. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుని, నన్ను ఎగాదిగా చూసి, మా నాన్నతో, "ఒరేయ్, దీనికి సంబంధాలు చూస్తున్నావా?" అంది.

బావగారి కొడుకు సంబంధం అని తెలిసి మా నాన్న అదిరిపడ్డాడు. "నీ పగ కోసం నా పిల్లనిమ్మంటావా అక్కయ్యా?" అన్నాడు. "పిల్లాడు బంగారంరా! తండ్రి దొంగయితే వాడేం చేస్తాడు? పైగా నాకు ఆయన ఎదుట నోరు విప్పే దారి ఇంకోటి లేదు" అంది ఆవిడ. ఆవిడ లెక్క ఏమిటో తరవాత నాకు అర్థమైంది. పెళ్లి బంతిలో మగపెళ్లివారు విస్తళ్ల ముందు కూర్చున్నప్పుడు ఆడపెళ్లివారి ఆడవాళ్లు పాటల్లో వాళ్లను ఎత్తిపొడవడం మా వైపు ఆచారం. అక్కడ బావగారని లేదు, పెద్దరికమని లేదు. ఎంత మాటన్నా వియ్యంకుడు నవ్వుతూ తినాలి. విస్తరి ముందు నుంచి లేచాడంటే లోకువైపోయినట్టే. పెళ్లికూతురి మేనత్తగా ఆవిడ ఆడపెళ్లివారి పక్షం. అంటే నా పెళ్లి అనే తలుపు తెరిచి ఆవిడ బావగారి ముందుకు రాబోతోంది. ముహూర్తం శ్రీపంచమికే పెట్టించింది. పురోహితుడు వేరే రోజు బాగుందంటే, "అది మీకు బాగుంటుంది" అందట.

పెళ్లి గుడివాడలో. దివిసీమ నుంచి మగపెళ్లివారు పడవలెక్కి, బళ్లెక్కి వచ్చారు. నాటక సమాజం మొత్తం దిగింది, హార్మోనియం ఆయనతో సహా. పప్పు వడ్డించి నెయ్యి వేస్తుండగా మా మేనత్త ఆడవాళ్లందరి ముందుకొచ్చి నిలబడింది. కొత్త పెళ్లికూతుర్ని నేను కూడా అదే బంతిలో, తల వంచుకుని కూర్చున్నాను. ఇప్పుడు నాకు మామగారైన ఆ బావగారు కోపం వచ్చి లేచిపోతే నా గతేమిటన్న ఆలోచన ఆవిడకి ఉందో లేదో నాకు తెలియదు. ప్లేటులో పాట వరసే, శ్రుతి కూడా అదే.

"పప్పు మాది, నెయ్యి మాది, వియ్యాలవారూ,
పాట కూడా మాదేనండీ, వియ్యాలవారూ!
వంటింట్లో పుట్టినట్టి వరస ఎత్తుకెళ్లి
వేదికెక్కి మీసం దువ్విరి, వియ్యాలవారూ!"

బంతి ఘొల్లుమంది. మా మామగారు కూడా మొదట్లో నవ్వారు. అదీ ఆయన వేషమే. ఎడమ చెయ్యి మీసం మీదికి వెళ్లబోయి ఆగింది. ఇంతలో ఆవిడ ఊపిరి తీసుకుని, ఎవరూ ప్లేటులో వినని చోటికి, రెండో చరణంలోకి దిగింది.

"తలుపు చాటున విన్నవారూ, తల ఊపినవారూ,
మాడు వాసన రాగానే మాయమైనవారూ,
సగం పాటతో ఊరేగిన సరసులండీ మీరూ,
మిగతా సగం వడ్డిస్తాం, విస్తరి వదలకండీ!"

వరస జారి వచ్చి పల్లవిని పట్టుకునేసరికి నవ్వులు ఆగిపోయాయి. హార్మోనియం ఆయన కలిపిన ముద్ద చేతిలోనే ఉంచుకుని, "అదీ! ఆ ముక్క కోసమేగా నేను ఇన్నేళ్లుగా పెట్టె మీద వెతుక్కుంటున్నాను! ఈ పాట ఈ తల్లిదే!" అన్నాడు. ఆ మాట మీద మామగారి సొంత నాటక సమాజమే మొదలుపెట్టింది. "వన్స్ మోర్! వన్స్ మోర్!" మా మేనత్త మొత్తం మళ్లీ పాడింది. పాడి, ప్లేటు చివర చెప్పుకున్నట్టే గొంతెత్తి తన పేరు, ఊరు చెప్పి, "వరస నా సొంతం" అంది. ఆ రోజుల్లో ఇల్లాలు పదిమందిలో తన పేరు తాను చెప్పుకోవడం ఎవరూ విని ఉండరు. మామగారి మొహం పసుపు నీళ్లు చల్లినట్టయింది. అయినా లేవలేదు. పెరుగన్నం వరకు తిన్నారు. ఆ ఒక్క విషయంలో మాత్రం ఆయన్ని నేను మెచ్చుకుంటాను. బంతిలో మొట్టమొదట నవ్వింది మా ఆయనేనని ఆ తరవాత ఎప్పుడో తెలిసింది. కాపురం నిలబడుతుందని ఆ రోజే నాకు ధైర్యం వచ్చి ఉండేది, తెలిసి ఉంటే.

పది రోజులకి మాఘ పౌర్ణమి. హంసలదీవి తిరునాళ్లలో నాటకం. పెళ్లికొచ్చిన దివి జనమంతా అక్కడే ఉన్నారు. రాజుగారు ఉద్యానవనంలో నోరు తెరిచారో లేదో, ఇసుకలో కూర్చున్నవాళ్లు "పప్పు మాది, నెయ్యి మాది" అని అందుకున్నారు. ఆయన ఆ పాట ఆపేసి పద్యంలోకి దూకారు. మరెప్పుడూ వేదిక మీద దాన్ని ముట్టుకోలేదు. నాట్ల వేళ మా పొలాల్లో కూలీలు కూడా ఆ పాటే పాడేవారు. గట్టు మీద గొడుగు వేసుకుని నిలబడ్డ మామగారు వినపడనట్టు ఆకాశం చూసేవారు. నేను నీళ్ల చెంబు అందించే నెపంతో దగ్గరికి వెళ్లి మరీ ఆ మొహం చూసి వచ్చేదాన్ని. కోడలికి అదో పండుగ.

ఆఖరి శ్రీపంచమి మా పెద్దవాడి అక్షరాభ్యాసానిది. అప్పటికి మామగారి పళ్లు ఊడాయి, వేషాలు పోయాయి, వీధిగదిలో పడక్కుర్చీ మాత్రం మిగిలింది. మా మేనత్త ఆ రోజు మా ఇంటికి వచ్చి, వంటింట్లో పీట మీద కూర్చుని ఉంది. హారతికి నేను ఆ పాటే ఎత్తుకున్నాను, దేవుడి మాటలతో. పల్లవి, మొదటి చరణం పాడాను. వీధిగదిలోంచి పెద్దాయన గొంతు వినబడింది. కేక కాదు, బతిమాలడం. "అమ్మాయీ, ఆ తరవాతది కూడా పాడమ్మా. ఆనాడు బంతిలో నాకు ఎత్తిపొడుపులే వినబడ్డాయి. సరిగ్గా ఒక్కసారన్నా వింటాను." నేను హారతి పళ్లెం కింద పెట్టి, "పరమాన్నం అడుగంటుతోంది మావయ్యగారూ" అని లోపలికి వచ్చేశాను. పొయ్యి మీద ఏమీ లేదు. పరమాన్నం దించి గంటయింది. మా మేనత్త కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతోంది, కళ్లు ధారగా కారుతున్నాయి. పెద్దాయన రెండో చరణం అలా సరిగ్గా, దేవుడి మాటలతో వినకుండానే పోయారు. పాపం అనిపించలేదా అని మా ఆయన చాలాసార్లు అడిగారు. అనిపించలేదు. అడగవలసినదానికి ముందు ఆయన ఒప్పుకోవలసినది ఒకటి ఉంది, అది ఆయన నోట రాలేదు.

రేడియోలో ప్లేటు ఆగిపోయింది. "ఇదేంటి నానమ్మా, మధ్యలో తెగినట్టుంది!" అంది మనవరాలు. ఆ మాటతో అది మా పక్షానికి వచ్చేసింది, ముత్తాత రక్తమైతేనేం. చిక్కుడుకాయలు పక్కకి నెట్టి, రెండో చరణం నేర్పాను. నా గొంతులో గాలే ఎక్కువ ఉంది గానీ, దానికి రెండుసార్లకే పట్టుబడింది. పాడటం అయ్యాక, "చివర పేరు గట్టిగా చెప్పాలే, అది రివాజు" అన్నాను. అది లేచి నిలబడి, వీధిలో పోయేవాళ్లు తిరిగి చూసేలా అరిచింది. "వరస కట్టినది కామేశ్వరమ్మ, బందరు!" రేడియో ఆయన వచ్చే ఏడు కూడా ఆ ప్లేటే వేసుకోవచ్చు, ఆ అబద్ధమే చెప్పుకోవచ్చు. శ్రీపంచమి ఏటా వస్తుంది, మా ఇంట్లో గొంతు ఒకటి ఎప్పుడూ ఉంటుంది.