టెంకల పిన్ని

మా సుబ్బరత్నమ్మ పిన్ని ఎదుట మామిడిపండు తిని టెంక పారేసిన మనిషి లేడు. మనం తింటుంటే ఆవిడ చేయి చాపుకుని నిలబడేది. మొహమాటపడి సగంలో ఇచ్చేస్తే, "పీచులో ఇంకా రసం ఉంది నాయనా, శుభ్రంగా చీకి ఇవ్వు" అని తిరిగి మన చేతిలోనే పెట్టేది.

నూజివీడులో మామిడి వర్తకుడి భార్యకు టెంకలకేం లోటు? అయినా తృప్తి లేదు. స్వరాజ్యం వచ్చిన మరుసటి వేసవిలో ఎవరో పెద్ద ఆఫీసరు తోటలు చూడటానికొచ్చి, పిన్ని వాళ్ళింట్లో పండు తిన్నాడు. టెంక పళ్ళెంలో వేయబోతుంటే పిన్ని అడ్డుపడింది.

"అది ఇటివ్వండి బాబూ."

"ఎంగిలిదమ్మా."

"కడుక్కుంటాం లెండి. మంచి పొడుగు టెంక. రాజుగారికి సరిపోతుంది."

ఏ రాజుగారికో అడిగే ధైర్యం లేక, పాపం, జేబురుమాలుతో తుడిచి మరీ ఇచ్చి వెళ్ళాడాయన.

రాజుగారంటే బొమ్మ. సెలవులివ్వగానే ఎలిమెంటరీ స్కూలు పిల్లలంతా పిన్ని అరుగు మీదే ఉండేవారు. చిన్నరసం టెంక పీచు దువ్వితే ఋషి గడ్డం. తుమ్మబంకతో చింతగింజలు అంటిస్తే కళ్ళు. ఎండుతున్న మొహాలు ఇల్లంతా పరిచి ఉండేవి. ఓరోజు వీరభద్రరావు బాబాయి గడప దగ్గర ఒకదాని మీద కాలేసి జారి పడ్డాడు. పిన్ని పరుగెత్తుకొచ్చి టెంకను చేతిలోకి తీసుకుని, "అయ్యో, ముసలమ్మకి పొద్దున్నే ముక్కు పెట్టామండీ" అంది.

బాబాయి నడుం పట్టుకుని లేచి, ఆ వారమే బెజవాడ నుంచి కాగితాలు, రంగులు తెచ్చాడు. "పిల్లలతో చక్కగా బొమ్మలు వేయించు. ఈ పిచ్చి మానెయ్" అన్నాడు. పిన్ని వాటిని భద్రంగా అటకెక్కించింది. బాబాయికి ఒళ్ళు మండి, పెరట్లోని టెంకలన్నీ బండికెత్తించి, మొక్కలు పెంచుకునేవాళ్ళకి ఇచ్చేయమని ఆగిరిపల్లి పంపించేశాడు.

పిన్ని అరవలేదు. ఆయన్ని వంటింట్లోకి పిలిచింది. నేను అక్కడే పండు తింటున్నాను.

"మొదట్లో నేనూ సుద్దముక్కలతోనే బొమ్మలు వేయించానండీ" అంది మెల్లగా. "మన తోటలో పనిచేసే బుచ్చయ్య కూతురు దుర్గ ఉందిగా, చూపులేని పిల్ల. అందరూ గీస్తుంటే అది చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. ఓనాడు టెంక ఇస్తే తడిమి చూసి, 'దీనికి గడ్డం ఉందండీ' అని నవ్వింది. ఆ రోజే సుద్దముక్కలు మానేశాను."

బాబాయి గొంతు తగ్గించాడు. "ఆ ముక్క నాకు ముందే చెప్పొచ్చుగా?"

"చెబితే ఊరంతా తెలుస్తుంది. దాని కోసమే అందరం టెంకలు పట్టుకున్నామని తెలిస్తే ఆ పిల్ల రేపట్నుంచి వస్తుందా? నాకు పిచ్చి అనుకోనివ్వండి. పోయేదేముంది?"

బాబాయి కండువా భుజాన వేసుకుని మండుటెండలో బండి వెనక పడ్డాడు. దారిలో ఎద్దులు నీళ్ళు తాగడానికి ఆగబట్టి సరిపోయింది. బండివాణ్ణి నానా మాటలూ అంటూ, టెంకలతో సహా తనూ బండెక్కి వచ్చాడు.

బండి దిగిన అలికిడి విని, అరుగు మీద నుంచి దుర్గ పిలిచింది.

"బాబుగారూ, మీ బొమ్మే చేస్తున్నానండీ. మీసం కుదరటంలేదు. ఓసారి తడిమి చూడొచ్చా?"

పిల్లలంతా బిగుసుకుపోయారు. బాబాయి కళ్ళజోడు తీసి, దుర్గ ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుని మొహం ముందుకు చాపాడు. దుర్గ వేళ్ళు నుదురు, ముక్కు దాటుకుని మీసం దగ్గర ఆగాయి.

"ఇదేంటండీ, కిందికి వాలిపోయింది? మీ కేకలు విని నిక్కబొడుచుకుని ఉంటుందనుకున్నాను."

తలుపు వెనక పిన్ని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఇంటి దగ్గర ఇంతేనమ్మా" అన్నాడు బాబాయి, కదలకుండా. "దుకాణానికి రా ఓసారి. అక్కడ లేచే ఉంటుంది."