మధ్య మంచం

అమీర్‌పేట హాస్టల్లో మా గదికి మూడు మంచాలు. మధ్యది నాది. దానివల్ల ఎంత నరకం చూశానో నాకే తెలుసు.

కాకినాడలో రెండేళ్ల పాపను మా అత్తగారి దగ్గర వదిలి, జావా నేర్చుకోవడానికి వచ్చాను. మా ఆయనకు ఉద్యోగం పోయింది, నాకొస్తే తప్ప ఇల్లు గడవదు. కోర్సు సగంలో ఉండగా మళ్లీ నెల తప్పింది. ఎస్టీడీ బూత్ నుంచి ఆయనకు చెబితే, "నీ ఇష్టం" అని ఫోన్ పెట్టేశారు. ఆ మాటకు రిసీవర్ విసిరికొట్టాలనిపించింది.

తీసేయించుకుంటానని గదిలో చెప్పడమే నా పొరపాటు. గోడ పక్క మంచం గుంటూరు అక్కది. పంజాగుట్టలో ఒక ఆఫీసులో అకౌంట్స్ చూసేది. కిటికీ పక్క మంచం వరంగల్ అమ్మాయిది, నాతోపాటు కోర్సు చేసేది.

"కడుపులో పడ్డాక అది కూడా ప్రాణమే కదా. దాని మాటేంటి?" అనేది అక్క.

"ఆమె పానం, ఆమె ఇష్టం. నీకెందుకక్కా గంత ఫికర్?" అనేది వరంగల్ పిల్ల.

ఇద్దరూ నా మీదుగానే వాదించుకునేవాళ్లు. నేనొకదాన్ని అక్కడ పడుకుని ఉన్నానన్న ధ్యాసే ఉండేది కాదు. మెస్సులో రసం పోపు వాసనకు వాంతి చేసుకుని వచ్చేసరికి కూడా అదే గొడవ. మంచినీళ్లు కావాలా అని అడిగిన పాపాన పోలేదు ఒక్కరూ.

చివరికి నేను క్లినిక్‌కి బయల్దేరితే ఇద్దరూ వెంటపడ్డారు. షేర్ ఆటోలో ఎదురుగా ఎవరో మగవాళ్లు కూర్చోవడంతో పంజాగుట్ట దాకా నోళ్లు మూతపడ్డాయి. నా ప్రాణం కాస్త తెరిపిన పడింది.

క్లినిక్‌లో కౌంటర్ దగ్గరున్నామె నా వైపు చూడకుండానే అడిగింది. "భర్త ఏడమ్మా? ఆయన సంతకం లేకపోతే కాదు."

నేను నోరు తెరిచేలోపే అక్క లేచింది. "ఆయన రాలేదు, ఈవిడ వచ్చింది. ముందు ఈవిడతో మాట్లాడండి."

"అవును మేడం, గామెనే అడుగుండ్రి," అంది వరంగల్ పిల్ల.

వాళ్లిద్దరూ ఒక్క మాట మీద నిలబడటం అదే మొదలు. కౌంటర్ ఆమె సణుక్కుంటూ డాక్టరమ్మ దగ్గరికి పంపింది. సంతోషించాలో, ఇన్నాళ్లూ ఈ బుద్ధి ఏమైందని ఇద్దర్నీ కడిగేయాలో తెలియలేదు.

పని అయిపోయింది. గదికి వచ్చి పడుకున్నాను. వరంగల్ పిల్ల వార్డెన్‌తో పోట్లాడి బకెట్టు వేన్నీళ్లు తెచ్చింది. అక్క పెరుగన్నం కలిపి ముద్ద నా నోటి దగ్గర పెట్టింది.

"నేను ఇప్పటికీ తప్పే అంటాను. నోరు తెరువు."

తెరిచాను. ఈ ముద్దేదో మొదటి రోజే పెట్టి ఉండొచ్చు కదా అని ఒళ్లు మండి, ఏడుస్తూనే తిన్నాను.