స్పీకర్ డబ్బాలో ఏడుపు

1993 చలికాలం. నిజామాబాద్ కంఠేశ్వర్‌లో నాకు చిన్న రిపేరు దుకాణం ఉండేది. రేడియోలు, టేప్ రికార్డర్లు, యాంప్లిఫైయర్లు, స్పీకర్లు, ఏది మూగబోయినా నా బల్ల మీదికే వచ్చేది. మా పనంతా వైర్లతో, కరెంటుతో అనుకుంటారు జనం. సగం పని పురుగూ పుట్రతో అని చెబితే నవ్వుతారు. రేడియోలో చీమలు, వీసీఆర్‌లో బొద్దింకలు, యాంప్లిఫైయర్ వెచ్చదనానికి చేరిన బల్లులు మాకు రోజూ వచ్చే చుట్టాలే.

ఎలుకలకైతే స్పీకర్ డబ్బా అంటే ప్రాణం. డబ్బాలో ఉండే పెద్ద స్పీకర్‌ను వూఫర్ అంటాం. డోలు మోత వంటి బరువైన ధ్వని దానిదే. ఆ ధ్వని నిండుగా రావడానికి డబ్బా వెనక గుండ్రటి రంధ్రం ఒకటి వదులుతారు, దాని పేరు పోర్ట్. లోపల చీకటి, గోడలకు మెత్తటి దూది. ఎలుకకు అంతకన్నా మంచి ఇల్లు ఎవరు కట్టిస్తారు? చెరుకు నరికే రోజుల్లో ఈ బెడద మరీ ఎక్కువ. బోధన్, వర్ని వైపు తోటలు ఖాళీ అవుతుంటే అక్కడి ఎలుకలన్నీ ఇళ్ల మీద పడతాయి.

అలాంటి రోజుల్లోనే మోస్రా నుంచి సాయన్న అనే రైతు వచ్చాడు. అతని దగ్గర టేకు చెక్కతో చేయించిన జోడు డబ్బాలు ఉన్నాయట.

"ఒక డబ్బా పలుకుతలేదన్నా. బస్సుల తెద్దమంటే కండక్టర్ ఎక్కనిస్తలేడు. నువ్వే రావాలె. జల్ది రా, ఐతారం నాడు మా అవ్వను దర్గాకు తోల్కపోతున్న. కొన్ని దినాలు ఆడనే ఉంచి వస్త."

"అవ్వకేమైంది?" అని అడిగాను.

"దిమాగ్ ఖరాబైంది. డబ్బాల పసిపోరలు ఏడుస్తున్నరంటది. కరెంటు లేనప్పుడు సుత ఏడుస్తున్నరంటది." గొంతు తగ్గించాడు. "నా కన్న ముందుగాల ఇద్దరు పుట్టి పోయిండ్రు. గా రంది ఇప్పుడు లేసినట్టుంది. వాడకట్టంత ఎరికైంది. మొకం చూపెట్టలేకపోతున్న."

"నువ్వు చూసినవా మరి, డబ్బాలో?"

"సూడకేం? ఆమె అన్నప్పుడల్ల పాట పెట్టి సూసిన. పాట తప్ప ఏం ఇనపడతలేదు."

నాకు అప్పుడే అనుమానం తగిలింది. కానీ పైకి అనలేదు. డబ్బా విప్పకుండా రోగం పేరు చెప్పడం నాకు గిట్టదు. ఎప్పుడో వెళ్దామనుకున్న వాడిని, మరునాడే స్కూటర్ తీశాను. దారి పొడవునా చెరుకు బండ్లు అడ్డం.

సాయన్న ఇంటి ముందర అరుగు మీద అతని భార్య పోసాని, వాడకట్టు ఆడవాళ్లు ఒళ్లో చాటలు పెట్టుకుని బీడీలు చుడుతున్నారు. నన్ను చూసి మాటలు ఆపలేదు. "అవ్వకు మందు పెట్టేటందుకు వచ్చిండా?" అని ఒకావిడ అంటే మిగతావాళ్లు నవ్వారు. పోసాని మాత్రం తల ఎత్తలేదు.

లోపలి గదిలో సాయన్న తల్లి లింగవ్వ గోడకు ఆనుకుని కూర్చుంది. కళ్లలో పొరలు వచ్చి చూపు దాదాపు పోయింది. ఆమె పక్కనే పాత చీరలో కట్టిన బట్టల మూట. ఆదివారం ఇంకా రానేలేదు, మూట మాత్రం సిద్ధమైపోయింది. ఆమె చెయ్యి దాని ముడి మీదే ఉంది.

పలకని డబ్బా ఆమె మంచానికి దగ్గరగా మూలన ఉంది. ఏ మెకానిక్ అయినా ముందు చేసే పని ఒకటే, సెట్టు ఆన్ చేసి చూడటం. నేనూ అదే చేశాను. ఒక డబ్బా పాడింది, రెండోది గరగరమంది. లింగవ్వ చెయ్యి పైకెత్తింది.

"బంద్ చెయ్యి బిడ్డా. బంద్ చేసి ఇను. వీడు ఎప్పుడు సూసినా పాట పెట్టే సూస్తడు. గంత మోతల నా మాట ఎట్ల నిజమైతది?"

ఆపేశాను. బయటి ఆడవాళ్లను కాసేపు మాట్లాడవద్దని బతిమాలాను. సాయన్నను కింద కూర్చోమన్నాను. ఇల్లంతా సద్దుమణిగింది. మొదట ఏమీ లేదు. సాయన్న నా వైపు చూసి, చూశావా అన్నట్టు పెదవి విరిచాడు. అంతలో డబ్బాలోంచి సన్నగా, తెగీ తెగని దారంలా ఒక ఏడుపు వచ్చింది. ఆగింది. మళ్లీ వచ్చింది. సాయన్న లేచి డబ్బాకు చెవి ఆనించాడు.

స్క్రూలు విప్పి వూఫర్‌ను బయటికి లాగాను. దాని ముందుండే గరాటు వంటి కాగితాన్ని కోన్ అంటాం, అది కదిలితేనే ధ్వని. ఆ కోన్ అంచు ఒక పక్క మొత్తం కొరికేసి ఉంది. ఇదివరకు అది చిరిగితే సాయన్న ఇంట్లో ఉన్న మైదా లయి పూసి అతికించాడట, బీడీ కట్టలకు కాగితం అంటించే లయి. బీడీలు చుట్టే ఇంట్లో చేతికి అందేది అదే మరి. ఆ వాసనకే ఎలుక వచ్చింది. వడ్రంగి డబ్బా లోపల పాత బొంత దూది కూరాడు. అది దానికి పరుపైంది. తల్లి ఎలుక నా మోచేతి మీదుగా దూకి గోనెసంచుల వెనక్కి పారిపోయింది. దూదిలో, బీడీల తునికాకు ముక్కల మధ్య, కళ్లు తెరవని ఎర్రటి పిల్లలు.

"అవ్వా, ఎలుక పిల్లలు" అన్నాను.

ఆమె చెయ్యి చాపింది. దూదితో సహా దగ్గర పెట్టాను. వేలి కొసతో ఒకదాన్ని తడిమింది. తర్వాత కొడుకుని కాదు, నన్ను అడిగింది.

"అయితే నాకు పిచ్చి లేదు గద బిడ్డా?"

"లేదవ్వా. నువ్వు విన్నది నిజం."

"నాకు చెప్తే ఏం ఫాయిద? బయట గాళ్లకు చెప్పు."

చేతిలో స్క్రూడ్రైవర్‌తోనే గడప దగ్గరికి వెళ్లాను. కాయిల్ కాలింది, ట్రాన్స్‌ఫార్మర్ పోయింది అని ఎందరికో చెప్పాను గానీ, ఒక మనిషి గురించి అలా చెప్పాల్సి రావడం అదే మొదలు. "లింగవ్వకు ఏ పిచ్చీ లేదు. డబ్బాలో ఎలుక ఈనింది, పిల్లలు ఏడుస్తున్నాయి. మేమూ విన్నాం, కావాలంటే వచ్చి చూడండి" అన్నాను. ఎవరూ నవ్వలేదు. ఇందాక ఎగతాళి చేసినావిడ చాట కింద పెట్టి కొంగు సర్దుకుంది.

నేను లోపలికి వచ్చేసరికి సాయన్న తల్లి ముందు కూర్చుని ఉన్నాడు. "అవ్వా" అన్నాడు. ఆమె అతణ్ని తిట్టలేదు, ఏడవనూ లేదు. పక్కనున్న మూటను మాత్రం అతని వైపు తోసింది.

"ఇగ నా మూట ఇప్పుండ్రి" అంది.

పోసాని వచ్చి ముడి విప్పింది. చీరలు ఒక్కొక్కటిగా దండెం మీద వేసింది. ఆమె కళ్ల నీళ్లు ఆ చీరల మీదే పడ్డాయి. ఎలుక పిల్లల్ని దూదితో సహా గడ్డివాము పక్కన పెట్టించింది లింగవ్వ. తల్లి వచ్చి తీసుకుపోయిందో లేదో నాకు తెలియదు. నేను కోన్ మార్చి, పోర్ట్‌కు ఇనుప జాలీ బిగించి వచ్చేశాను.

అప్పటి నుంచి ఎవరైనా చప్పుడు వస్తోందంటే నేను ముందు సెట్టు ఆఫ్ చేసి కూర్చుంటున్నాను. పాట పెట్టి వెతికితే పాటే వినబడుతుంది. పనిలో ఇది నాకు చాలాసార్లు అక్కరకొచ్చింది. ఇంట్లో ఇంకా ఎక్కువ. ఇప్పుడు మా అమ్మకు వయసు మీదపడింది, ఏదో వినబడుతోందని తరచూ అంటుంది. "ఏం లేదులే" అనే మాట నోటిదాకా వస్తుంది. దాన్ని మింగి, లేచి టీవీ కట్టేసి ఆమె పక్కన కూర్చుంటున్నాను.